ఇంటి అప్పుల్లో ముందు తీర్చాల్సింది ఏది?

ఊళ్లో ప్రోనోటు మీద అప్పిచ్చినాయన నూటికి రెండు రూపాయల వడ్డీ అంటాడు. డైలీ ఫైనాన్స్ వాళ్లు పదివేలు రాసుకుని తొమ్మిదివేలు చేతిలో పెట్టి, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టమంటారు. బండి షోరూములో అయితే పది శాతమే అని చెబుతారు. క్రెడిట్ కార్డు కాగితాల్లో నెలకు 3.5 శాతం అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. బ్యాంకులో బంగారం పెడితే ఏడాదికి పది. ఒకే ఇంట్లో ఇందులో మూడో నాలుగో ఉండటం ఇప్పుడు మామూలైపోయింది. ఒక్కో అప్పుకూ ఒక్కో కొలత కావడంతో ఏది ఎక్కువ తింటోందో తేలదు. తేలనప్పుడు గడప దగ్గరికొచ్చి గట్టిగా అడిగేవాళ్లకే ముందు కడతాం. మధ్యతరగతి ఇళ్లు అప్పుల్లోంచి బయటపడలేకపోవడానికి జీతం చాలకపోవడం ఎంత కారణమో, తీర్చే వరస తప్పడమూ అంతే కారణమని నేను నమ్ముతాను.

మన రెండు రాష్ట్రాలకూ ఈ లెక్క ఎంత అవసరమో 2019లో జాతీయ గణాంక కార్యాలయం వ్యవసాయ కుటుంబాలపై చేసిన సర్వే చూస్తే తెలుస్తుంది. దేశం మొత్తమ్మీద 50.2 శాతం వ్యవసాయ కుటుంబాలకు అప్పులుంటే, ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతానికి, తెలంగాణలో 91.7 శాతానికి ఉన్నాయి. కుటుంబానికి సగటు బాకీ దేశంలో 74,121 రూపాయలు. తెలంగాణలో 1,52,113. ఆంధ్రప్రదేశ్‌లో 2,45,554, దేశంలో అన్ని రాష్ట్రాలకన్నా ఎక్కువ. ఇవి రైతు కుటుంబాల లెక్కలే అయినా, పట్నంలో నెలజీతం మీద బతికే ఇళ్లకు కూడా ఊళ్లోని ఆ బాకీలతో సంబంధం తెగిపోలేదు. అక్కడి ప్రోనోటుకు వడ్డీ ఇక్కడి జీతంలోంచే వెళ్తుంది.

అన్నిటినీ ఒకే కొలతకు తెద్దాం

మొదట ప్రతి అప్పునూ ఏడాది శాతంలోకి మార్చాలి. ప్రోనోటు సులువు. నెలకు నూటికి రెండంటే ఏడాదికి 24 శాతం, మూడంటే 36.

బండి ఫైనాన్స్ వాళ్లు చెప్పే పది శాతం నిజానికి పది కాదు. లక్ష తీసుకుని మూడేళ్లలో తీర్చేట్టయితే వాళ్లు ఏటా లక్ష మీదే పదివేలు వేస్తారు. మూడేళ్లకు 30 వేలు వడ్డీ, నెల కిస్తీ 3,611. కానీ మీరు ప్రతి నెలా అసలులో కొంత తీరుస్తూనే ఉన్నారు. రెండో ఏడాది సగానికి వచ్చేసరికి మీ దగ్గర మిగిలింది సుమారు సగం సొమ్మే, వడ్డీ మాత్రం మొత్తం లక్ష మీద పడుతోంది. తగ్గుతున్న బాకీ మీద సరిగ్గా లెక్కేస్తే అది 18 శాతం అప్పు. దీన్నే ఫ్లాట్ రేటు అంటారు. పర్సనల్ లోనుకైనా, బండి లోనుకైనా "ఫ్లాటా, తగ్గే బాకీ మీదా?" అని అడిగి తీరాలి. 2024 అక్టోబరు 1 నుంచి వ్యక్తులకిచ్చే కొత్త టర్మ్ లోన్లన్నిటికీ బ్యాంకులూ ఫైనాన్స్ కంపెనీలూ కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన పెట్టింది. ప్రాసెసింగ్ ఫీజు లాంటివన్నీ కలుపుకుని ఏడాదికి అసలు ఎంత శాతం పడుతుందో అందులో ఏపీఆర్ అనే పేరుతో ఉంటుంది. సంతకానికి ముందు ఆ ఒక్క అంకె చూసినా చాలు.

డైలీ ఫైనాన్స్ లెక్క చాలామందిని మోసం చేస్తుంది. తొమ్మిదివేలకు వెయ్యి ఎక్కువ కడుతున్నాం, పదకొండు శాతమే కదా అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే వంద చొప్పున తిరిగిస్తున్నాం కాబట్టి ఆ సొమ్ములో సగటున సగమే మన చేతిలో ఉంది, అదీ వంద రోజులే. కచ్చితంగా వేస్తే ఏడాదికి సుమారు 78 శాతం. చేతికి 8,500 మాత్రమే ఇస్తే అది 120 శాతం దాటిపోతుంది.

ఇక క్రెడిట్ కార్డు. నెలకు 3.5 శాతం వడ్డీ, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ. రెండూ కలిపితే నెలకు 4.13, ఏడాదికి దాదాపు 49.5 శాతం. కార్డుల మీద వడ్డీ 30 శాతం మించకూడదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పిచ్చింది కానీ, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కాబట్టి పైన ఆ కప్పు కూడా లేదు. బిల్లు మీద కనిపించే "మినిమం డ్యూ" సాధారణంగా బాకీలో 5 శాతం. అందులో 4.13 వడ్డీకీ పన్నుకీ పోతే, అసలుకు మిగిలేది ఒక శాతం లోపే. 60 వేల బాకీ మీద మినిమం మాత్రమే కడుతూ ఒక ఏడాది గడిస్తే, సుమారు 34 వేలు కట్టాక కూడా బాకీ 54 వేల దగ్గర ఉంటుంది. పైగా పూర్తి బిల్లు కట్టనంత కాలం కొత్తగా కొన్న వస్తువుకు వడ్డీలేని రోజులు ఉండవు. కొన్న రోజు నుంచే వడ్డీ మొదలు.

ఇప్పుడు వరస చూడండి. బ్యాంకు బంగారం అప్పు 10, బండి 18, ప్రోనోటు 24, కార్డు 49.5, డైలీ 78. కార్డు మాత్రం ఇంటికొచ్చి అడగదు. మినిమం కడితే ఫోను కూడా రాదు. అంత ఖరీదైన బాకీ అంత నిశ్శబ్దంగా ఉంటుంది.

మూడేళ్లకోసారి తిరిగే నోటు

ప్రోనోటు గురించి కాస్త ఆగి చెప్పాలి. రెండు రూపాయల బారువడ్డీకి లక్ష తీసుకుని, మూడేళ్లు వడ్డీ కట్టలేకపోతే 72 వేలు పేరుకుంటుంది. కాలపరిమితి చట్టం ప్రకారం నోటు మూడేళ్లే చెల్లుతుంది కాబట్టి గడువు దగ్గర పడగానే అప్పిచ్చినాయన వచ్చి తిరగరాయమంటాడు. వడ్డీ అసలులో కలిసి కొత్త నోటు 1,72,000కు తయారవుతుంది. మరో మూడేళ్లకు అది 2,95,840. ఆరేళ్లలో లక్ష దాదాపు మూడు లక్షలైంది. బారువడ్డీ అనుకుని తీసుకున్న అప్పు ఇలా మూడేళ్లకోసారి చక్రవడ్డీ అవుతుంది.

తిరగరాయకుండానే ఆయన భయం తీర్చే దారి ఉంది. గడువులోపల ఎంతో కొంత కట్టి, నోటు వెనక తేదీతో సహా ఆ సొమ్ము జమ రాసి మీరు సంతకం పెడితే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు నోటు బతుకుతుంది. ఆయనకు భద్రత ఉంటుంది, మీ వడ్డీ అసలులో కలవదు. తిరగరాయక తప్పదంటే, కనీసం ఆ వడ్డీలో వీలైనంత నగదుగా కట్టి, అసలుకు మాత్రమే కొత్త నోటు రాయండి. పాత నోటు చింపించకుండా కొత్తదాని మీద సంతకం పెట్టొద్దు.

ఒక ఇంటి లెక్క

వరంగల్లో అద్దెకుండే నలుగురి కుటుంబాన్ని ఊహించుకుందాం. భర్త జీతం 32 వేలు, భార్య కుట్టుపని మీద 8 వేలు, మొత్తం 40 వేలు. అద్దె 8,500. కిరాణా 7,000. పాలు 1,800. కూరగాయలు, మాంసం, గుడ్లు 3,000. గ్యాసు, కరెంటు 1,900. ఇద్దరు పిల్లల ఫీజులు నెలకు పంచితే 3,000. పెట్రోలు 2,500. ఫోన్లు, నెట్, టీవీ 1,100. మందులు 1,200. వెరసి 30 వేలు. మిగిలేది పదివేలు.

ఇందులో చాలామంది రాసుకోని పద్దు ఒకటుంది. జూన్‌లో పుస్తకాలు, యూనిఫాం, బూట్లు. శ్రావణంలోనూ మాఘంలోనూ పెళ్లిళ్ల చదివింపులు. దసరాకు బట్టలు, సంక్రాంతికి ఊరి ప్రయాణం, బండి ఇన్సూరెన్సు, ఒకసారి టైర్లు. ఏడాదికి 30 వేలు అనుకుంటే నెలకు 2,500. ఇవి ఏ నెల పద్దులోనూ కనిపించవు కానీ ఏడాది తిరిగేసరికి తప్పకుండా వస్తాయి. మన ఇళ్లలో లెక్క నెలాఖరున తప్పదు, జూన్‌లోనూ దసరాకూ తప్పుతుంది. అందుకే బడ్జెట్ వేస్తే ఏడాదికి వేసి పన్నెండుతో భాగించాలి.

అలా చూస్తే ఈ ఇంటి నిజమైన నెల ఖర్చు 32,500. ఇది దుబారా ఏమీ కాదు. 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం పట్టణాల్లో మనిషి నెల ఖర్చు సగటున తెలంగాణలో 8,978, ఆంధ్రప్రదేశ్‌లో 7,182. నలుగురికి వేస్తే 35,912, 28,728. మన కుటుంబం ఆ రెంటికీ మధ్యలో ఉంది.

అప్పులు ఇవీ: ప్రోనోటు 2 లక్షలు, రెండు రూపాయల వడ్డీ. బంగారం మీద బ్యాంకులో లక్షన్నర, పది శాతం. కార్డు మీద 60 వేలు. బావమరిది దగ్గర చేబదులు 50 వేలు, వడ్డీ లేదు. మొత్తం 4,60,000. నెల వడ్డీలు చూస్తే ప్రోనోటుకు 4,000, బంగారానికి 1,250, కార్డుకు జీఎస్టీతో 2,478. కలిపి 7,728. రోజుకు 258 రూపాయలు.

చేతిలో ఉన్నది 7,500, వడ్డీలే 7,728. నెలకు 228 లోటు. ఈ కుటుంబం ఎంత ఒద్దికగా ఉన్నా అసలులో ఒక్క రూపాయి తీరదు. కార్డుకు మినిమం కట్టినప్పుడు తగ్గిన ఐదొందలు నెలాఖరుకు మళ్లీ కిరాణాకో పెట్రోలుకో వాడేస్తారు. ఈ లెక్క కాగితం మీద చూడనంతకాలం భార్యాభర్తలు ఒకరి ఖర్చును ఒకరు తప్పుపడుతూ ఉంటారు. ఇద్దరూ కూర్చుని అన్ని అప్పులూ ఒక చోట రాస్తే, దాచిన చేబదుళ్లతో సహా, పోట్లాట చాలావరకు తగ్గుతుందని నా నమ్మకం. తప్పు పాలలోనూ కూరగాయల్లోనూ లేదని ఆ కాగితమే చెబుతుంది.

మొదటి కదలిక బంగారంతో

ఇలాంటి ఇళ్లలో చేతికి నాలుగు రూపాయలొస్తే ముందు నగలు విడిపించుకోవాలనుకుంటారు. శ్రావణమాసం వస్తోంది, మెడ బోసిగా ఉందని. ఆ బాధ చిన్నదని నేననను. కానీ బంగారం అప్పులో వెయ్యి తీరిస్తే ఏడాదికి వంద మిగులుతుంది, కార్డులో అదే వెయ్యి తీరిస్తే 495 మిగులుతుంది.

అందుకని బంగారాన్ని తిరగేసి వాడుకోవచ్చు. 2023లో పది గ్రాముల మేలిమి బంగారం 60 వేల దరిదాపుల్లో ఉండేది. 2025 ఏప్రిల్‌లో లక్ష దాటింది. అప్పుడు లక్షన్నరకు పెట్టిన నాలుగు తులాల నగల మీదే ఇప్పుడు బ్యాంకు ఇంకా ఎక్కువ ఇస్తుంది. అదే కుదువ మీద మరో 60 వేలు తీసుకుని కార్డు బాకీ మొత్తం ఒక్కసారి కట్టేస్తే, 2,478 పోయే చోట 500 పోతుంది. నెలకు 1,978 మిగులు. మొత్తం వడ్డీలు 7,728 నుంచి 5,750కి దిగుతాయి. 228 లోటు 1,750 మిగులుగా మారుతుంది. ఖర్చు ఒక్క రూపాయి కూడా తగ్గించలేదు.

రెండు షరతులున్నాయి. ఆ కార్డు ఆ రోజు నుంచి బీరువాలోకి వెళ్లాలి. లేకపోతే ఆరు నెలల్లో బంగారం మీదా అప్పుంటుంది, కార్డు మీదా ఉంటుంది. రెండోది, బంగారం అప్పు వడ్డీ గడువు ఫోనులో గుర్తుపెట్టుకుని కట్టాలి. కట్టకుండా వదిలేస్తే నోటీసులు, తర్వాత వేలం. గడువు మరిచిపోయి నగలు పోగొట్టుకునే ఇళ్లూ ఉంటాయి.

2,250 ఎంత పని చేస్తుంది

ఇప్పుడు ప్రోనోటు మీద పడదాం. నెలకు 4,000 వడ్డీతోపాటు మిగిలిన 1,750 కూడా కడుతూ పోతే రెండు లక్షలు తీరడానికి 60 నెలలు పడుతుంది. మొత్తం వడ్డీ సుమారు 1,45,000.

ఖర్చుల కోత ఇక్కడ అర్థవంతం. ఫోను ప్యాక్‌లు, టీవీ కలిపి 400. పెట్రోలు 500. వీధి చివర కొట్లో రోజూ పొట్లాలు తేవడం మాని నెలకోసారి చీటీ రాసి తెస్తే కిరాణాలో 600. ఏడాది పద్దులో, అంటే బట్టలు, చదివింపులు, ప్రయాణాల్లో ఏడాదికి 9 వేలు, నెలకు 750. మొత్తం 2,250. పిల్లల పాలు, మందులు ముట్టుకోలేదు, ముట్టుకోకూడదు కూడా. ఇప్పుడు ప్రోనోటుకు నెలకు 8,000 వెళ్తుంది. అప్పు 35 నెలల్లో తీరుతుంది, వడ్డీ 80 వేలు. నెలకు 2,250 తగ్గించుకుంటే 25 నెలలూ, 65 వేలూ మిగిలాయి.

కానీ ఊళ్లో అప్పిచ్చినవాళ్లు చిన్నచిన్న మొత్తాలు అసలుకు జమ చేసుకోవడానికి ఒప్పుకోరు. "వడ్డీ కట్టు చాలు, అసలు ఒకేసారి ఇద్దువు" అంటారు. వాళ్లకు లాభం అదే. అలాంటప్పుడు నెలకు 4,000 బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ కట్టి, ఆరు నెలలకోసారి 24 వేలు తీసుకెళ్లి అసలుకు జమ రాయించుకోవాలి. కాస్త ఆలస్యమవుతుంది, అంతే.

ఇంకా మంచి దారి ప్రోనోటునే తక్కువ వడ్డీ అప్పుతో తీర్చడం. కార్డు బాకీ మూసేశాక క్రెడిట్ స్కోరు బాగుపడుతుంది. 15 శాతానికి రెండు లక్షల పర్సనల్ లోను మూడేళ్లకు వస్తే కిస్తీ 6,933, మొత్తం వడ్డీ 49,600. భార్య మహిళా సంఘంలో ఉంటే, అక్కడ నూటికి రూపాయి వడ్డీకి 50 వేలు దొరికినా ఏడాదికి 6,000 మిగులుతుంది.

చిట్టీ ఎత్తి తీరుద్దామనే ఆలోచన కూడా వస్తుంది. లక్ష చిట్టీ, 20 నెలలు అనుకుందాం. నాలుగో నెల 20 వేలు పాట పోయి 80 వేలు చేతికొచ్చింది. అప్పటికి మీరు 17 వేలు కట్టి ఉన్నారు. అంటే నిజంగా మీకు అప్పుగా వచ్చింది 63 వేలే, మిగతాది మీ సొమ్మే. ఇక 16 నెలలు నెలకు 4,500 చొప్పున 72 వేలు కట్టాలి. వడ్డీగా చూస్తే ఏడాదికి 19 శాతం పైన. కార్డునో డైలీ ఫైనాన్సునో తీర్చడానికి ఇది పనికొస్తుంది. రెండు రూపాయల ప్రోనోటుకు మాత్రం మిగిలేది కొంచెమే. అదీ రిజిస్టరైన చిట్టీ అయితేనే.

లెక్కకు లొంగనివి

లెక్క ప్రకారం దొరికిన ప్రతి రూపాయీ ఎక్కువ వడ్డీ అప్పుకే వెళ్లాలి. అయినా మొదటి నాలుగు నెలల మిగులు, అంటే 16 వేలు, పొదుపు ఖాతాలో కదపకుండా ఉంచమంటాను. ఆ ఖాతా ఇచ్చే కొద్దిపాటి వడ్డీ కోసం కాదు. పిల్లాడికి డెంగీ వస్తే ఆ రాత్రి మూడు రూపాయల వడ్డీకి పరుగెత్తకుండా ఉండటానికి. ఆరోగ్యశ్రీ కార్డు చేతిలో ఉందో లేదో కూడా ఇప్పుడే చూసుకోవాలి. తెలంగాణలో దాని పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. బ్యాంకు ఖాతా ఉంటే జీవన జ్యోతి బీమాకు ఏడాదికి 436 రూపాయలు, సురక్ష బీమాకు 20. మొత్తం 456. జీతం తెచ్చే మనిషికి ఏమైనా జరిగితే మొదటిది 2 లక్షలిస్తుంది, ప్రమాదమైతే రెండోది మరో 2 లక్షలు. 4,60,000 బాకీ ఉన్న ఇంట్లో ఇది లేకపోవడం పెద్ద లోటు.

చేబదులు విషయంలో కూడా నేను లెక్కతో పూర్తిగా ఏకీభవించను. వడ్డీలేదు కాబట్టి చివరికి పెట్టమంటుంది లెక్క. ప్రోనోటుకు 35 నెలలు, ఆ తర్వాత 2,10,000 బంగారం అప్పుకు 24 నెలలు, అప్పుడు బావమరిది వంతు. ఐదేళ్లు మాట్లాడకుండా కూర్చుంటే ఆ బంధం మిగలదు. ఆయన్ని కూర్చోబెట్టి ఈ కాగితమే చూపించాలి. దసరా బోనసో, పెళ్లిళ్ల సీజన్లో కుట్టుపని మీద వచ్చే అదనపు డబ్బో ఏటా ఆయనకని ముందే చెప్పాలి. చెప్పిన తేదీకి పదివేలైనా చేతిలో పెట్టాలి.

కిస్తీ ఆలస్యమైనంత మాత్రాన ఎవరికీ బెదిరించే హక్కు లేదు. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత వసూలు ఏజెంట్లు ఫోను చేయకూడదని రిజర్వ్ బ్యాంక్ నిబంధన. బంధువులకు ఫోన్లు చేసి పరువు తీయడం కూడా నిషిద్ధం. ముందు ఆ బ్యాంకుకో కంపెనీకో రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు, సమాచారానికి 14448. లోన్ యాప్‌ల వాళ్లు ఫొటోలు మార్చి వేధిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి, పోలీసులకు వెంటనే చెప్పాలి.

అప్పు తీరిన రోజు కాగితాల పని కూడా ఆ రోజే ముగించాలి. ప్రోనోటు అసలు ప్రతి వెనక్కి తీసుకుని, వెనకవైపు పూర్తిగా ముట్టినట్టు రాయించి సంతకం తీసుకోవాలి. ఖాళీ చెక్కులిచ్చి ఉంటే అవీ లెక్కపెట్టి తీసుకోవాలి. బ్యాంకు నుంచి నో డ్యూస్ లెటర్ తీసుకోవాలి. "సెటిల్‌మెంట్" కింద కొంత తగ్గించి ముగిస్తే క్రెడిట్ రిపోర్టులో పూర్తిగా తీరినట్టు రాదు, సెటిల్డ్ అని ఉండిపోతుంది. తర్వాతి అప్పుకు అది అడ్డం. నాలుగు క్రెడిట్ బ్యూరోలూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇస్తాయి. రెండు నెలలు ఆగి అందులో బాకీ సున్నా అయిందో లేదో చూడండి. కాకపోతే ఫిర్యాదు చేయండి, 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత ప్రతి రోజుకూ 100 రూపాయల చొప్పున మీకు పరిహారం రావాలి.